పిస్తోలుకి కాపలా వెళ్ళిన మా తోడికోడలు

మా తోడికోడలు పోయింది. మొన్న కార్తీకం మొదట్లో ఒక ఉదయం ఆవిడ కూతురు ఫోన్ చేసి, "పిన్నీ, అమ్మ ఎలిపోనాది" అంది. ముందురోజు సాయంత్రం కూడా వీధరుగు మీద కూర్చుని పక్కింటివాళ్ళ కోడలికి జాకెట్టు చేతులు ఎలా కత్తిరించాలో చూపించిందట. తెల్లవారి లేవలేదు. మంచాన పడకుండా, ఎవరి చేతా చేయించుకోకుండా వెళ్ళిపోయింది. ఆవిడ స్వభావానికి అదే తగింది.

నేను ఆవిడను అక్కా అనేదాన్ని. ఈ ఊళ్ళో నాటకాలు చూసిన పాతతరం వాళ్ళలో కొందరికి ఆవిడ ముఖం ఇంకా గుర్తుండే ఉంటుంది. ఆవిడ ఒక పిస్తోలు వల్ల నటి అయిందన్న సంగతి మాత్రం మా ఇంట్లోవాళ్ళకే తెలుసు. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఏడవాల్సిందంతా ఫోన్ వచ్చిన రోజే ఏడ్చేశాను. ఇప్పుడు మిగిలింది గర్వమే.

డెబ్బైల మొదట్లో నేను ఆ ఇంటికి చిన్నకోడలిగా వచ్చాను. వన్ టౌన్‌లో, రేవుకి బాగా దగ్గరగా, రెండు రిక్షాలు ఎదురుపడితే ఒకటి వెనక్కి తగ్గాల్సిన సందులో ఇల్లు. అత్తగారు, మా బావగారు, అక్క, మా ఆయన, నేను. మా బావగారు రేవులో క్రేను నడిపేవారు. అందరం విజయనగరం అవతలి పల్లెల నుంచి వచ్చినవాళ్ళమే, వ్యవసాయం వదిలి నెలజీతాల్లో పడినవాళ్ళమే. అక్క కిటికీ పక్కన కుట్టుమిషను పెట్టుకుని ఆ సందు సందంతటికీ జాకెట్లు కుట్టేది.

ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున నన్ను భయపెట్టిన వస్తువు ఒకటి ఉంది. ముందుగదిలో అద్దాల బీరువాలో, కొండపల్లి బొమ్మల మధ్యన, పొడుగాటి పిస్తోలు. దాని పక్కన ముదురు గోధుమరంగు తోలు తొడుగు, నడుముకి కట్టుకునే పటకాతో సహా. బావగారితో స్నేహం కలిసిన ఒక ఓడ ఇంజనీరు, ఓడ కదిలే రోజున దాన్ని ఆయన చేతిలో పెట్టి వెళ్ళాడట. నిజమైనది కాదు. వెనకటి కాలపు గుర్రపు రౌతుల పిస్తోలుకి నమూనాగా, ఇలాంటివి సరదాగా దాచుకునేవాళ్ళ కోసం తయారుచేసినది. గొట్టం లోపల ఇనుము పోసి మూసేశారు, గుండు పట్టదు, పేలదు. కానీ బరువు మాత్రం అసలుదాని బరువే. నల్లగా నిగనిగలాడే గొట్టం, అక్రోటు కర్రతో చేసిన పిడి, తొడుగు మూతకి ఇత్తడి గుండీ. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని శబ్దం వచ్చేది. బావగారు వచ్చినవాళ్ళందరికీ ఆ శబ్దం వినిపించేవారు.

సముద్రం పక్కన ఇనుప వస్తువు ఉంచుకోవడం అంటే ఏమిటో ఈ ఊరివాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కిటికీ చువ్వలు పొరలు పొరలుగా ఊడిపోతాయి. దానికి తోడు ఆ రోజుల్లో మా సందులో ఎర్ర దుమ్ము. రేవులో ఓడలకెత్తే ఇనప ఖనిజం గాలికి లేచి, ఆరేసిన బట్టల మీద, అన్నం గిన్నె మూత మీద, అన్నిటి మీదా వాలేది. బావగారు పిస్తోలుని తొడుగులోనే పెట్టి, ఒక వానాకాలమంతా బీరువాలో వదిలేశారు. తరవాత తీసి చూస్తే గొట్టం మీద తుప్పు, తోలు మీద పచ్చటి బూజు. ఆయన కంగారుపడి గొట్టానికి కొబ్బరినూనె పట్టించి, తొడుగుని మండుటెండలో ఆరబెట్టారు. నూనెకి దుమ్ము అంటుకుని ఎర్రటి జిడ్డు అయింది. తొడుగు మూత మడత దగ్గర పెళుసుబారి చీలింది. పెద్ద క్రేన్లు నడిపే మనిషి ఆ రెంటినీ ఒళ్ళో పెట్టుకుని, పిల్లాడికి జ్వరం వచ్చినట్టు దిగులుగా కూర్చున్నారు.

అక్క మిషను దగ్గర నుంచి లేచి వచ్చి, ఇటివ్వండి అని తీసుకుంది. ఆ రోజు నుంచి ఆ రెండూ ఆవిడవే అయిపోయాయి.

ఆవిడకి ఎవరూ నేర్పలేదు. ఇనుము సంగతి కుట్టుమిషను వల్ల తెలుసు, తోలు సంగతి పుట్టింటి ఎడ్ల వల్ల తెలుసు. పండక్కి ఎడ్ల మెడపట్టెడలకి వాళ్ళ నాన్న ఆముదం రాయడం చిన్నప్పుడు చూసింది. పిస్తోలు మీద గట్టిపడిన జిడ్డుని కిరసనాయిలులో తడిపిన గుడ్డతో ఓపిగ్గా తీసింది. తుప్పుని గీకకుండా, మిషను నూనె రాసి ఒకరోజు నానబెట్టి, గరుకు గుడ్డతో కొంచెం కొంచెంగా వదిలించింది. నలుపు పోకుండా తుప్పు మాత్రమే పోవాలని ఆవిడ పట్టుదల. తరవాత మెత్తటి మల్లుగుడ్డతో పలచగా, వేలితో తాకితే తెలియనంత పలచగా నూనె పూసేది. పిడికి మాత్రం నూనె తగలనిచ్చేది కాదు. తొడుగు చీలికను మైనం పూసిన దారంతో, దబ్బనంతో, కంపెనీవాళ్ళు కుట్టిన పాత కన్నాల్లోంచే మళ్ళీ కుట్టింది. కొత్త కన్నం ఒక్కటీ పొడవలేదు. పొడిస్తే తోలు అక్కడి నుంచే చిరుగుతుందని చెప్పింది. ఆముదం గోరువెచ్చగా చేసి, వేలికొసతో రాసి, నీడలో గాలికి ఉంచేది.

ఆవిడ పెట్టిన కట్టుబాట్లు ఇంట్లో అందరం పాటించాం. పిస్తోలు వేరు, తొడుగు వేరు. తొడుగు మోసుకెళ్ళడానికే, దాచడానికి కాదు, తోలులో ఉండే చెమ్మ ఇనుముని తింటుంది. పట్టుకుంటే పిడి దగ్గరే పట్టుకోవాలి, గొట్టం మీద వేలిముద్ర పడితే తుడవకుండా పెట్టకూడదు. వారానికోసారి తెల్లగుడ్డతో తుడిచేది. గుడ్డకి ఎరుపు అంటి గొట్టం శుభ్రపడితే అది రేవు దుమ్ము. మళ్ళీ తుడిచినా అదే చోట అదే మరక వస్తే తుప్పు. తుప్పు అయితే ఆ పూట జాకెట్ల పని ఆగిపోయేది. ఎందుకక్కా ఇంత శ్రమ, పేలే వస్తువైనా కాదు కదా అని ఒకసారి అన్నాను.

"నిజవా అబద్దవా అని కాదు చెల్లీ, సూడు, ఎంత బాగుందో" అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది.

మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఒక నాటక సమాజం ఉండేది. రేవులోనూ ఆఫీసుల్లోనూ పనిచేసేవాళ్ళు సాయంత్రాలు రిహార్సల్స్ వేసుకునేవారు. ఒకసారి ఏదో నాటకానికి మా పిస్తోలు అడిగి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి పిడి మీద గీత పడింది, తొడుగు ఎక్కడో తడిలో పెట్టినట్టు ఉబ్బింది. అక్క ఆ గీతను వేలితో తడిమి చూసి, తొడుగుని నీడలో ఆరబెట్టింది. మరుసటేడు వాళ్ళు మళ్ళీ అడగడానికి వచ్చినప్పుడు మాత్రం గుమ్మం దగ్గర నిలబడి ఒకే మాట చెప్పింది.

"వస్తువు వత్తాది. దాంతో నానూ వత్తాను."

అత్తగారు ఒప్పుకోలేదు. నాటకాలవాళ్ళ మధ్య మన ఆడమనిషికి ఏం పని అని రెండు పూటలు అన్నం ముట్టలేదు. చివరికి బావగారు, పిస్తోలు మంచిచెడ్డలు చూసుకునేది అదే కదా, వెళ్ళనీ అమ్మా అన్నారు. తోడుగా నన్ను పంపడంతో గొడవ సద్దుమణిగింది. అలా మేమిద్దరం రిహార్సల్స్‌కి వెళ్ళడం మొదలుపెట్టాం. అక్క ఒక మూల చాపమీద ఒడిలో తొడుగు పెట్టుకుని కూర్చునేది. పిస్తోలు కావలసిన ఘట్టం వచ్చినప్పుడు లేచి ఇచ్చేది, అవగానే అందుకుని చెమట తుడిచేది.

ఆ నాటకంలో కథ ఇదీ. కల్తీ మందులు అమ్మి ఊళ్ళో పసిపిల్లల చావుకి కారణమైన ఒక వ్యాపారి ఉంటాడు. బిడ్డను పోగొట్టుకున్న ఒక సైనికుడి భార్య, చనిపోయిన భర్త పిస్తోలు నడుముకి కట్టుకుని వెళ్ళి వాణ్ణి కాల్చేస్తుంది. ఆ వేషం వేసే నటి పొరుగూరి నుంచి ఆఖరి రిహార్సల్స్‌కే వస్తుంది. అంతవరకూ ఎవరో ఒకరు ఆమె మాటలు చదివేవారు. ఆ ఏడు పరిషత్తు పోటీలకి బయల్దేరాల్సిన వారంలోనే, తల్లికి జబ్బు చేసిందని, రాలేనని ఆమె టెలిగ్రాం ఇచ్చింది. అందరూ నీరుగారిపోయారు. డైరెక్టరు గారు తలపట్టుకుని కూర్చున్నారు. అప్పుడు చాపమీద నుంచి అక్క, ఆ మాటలన్నీ నాకు వచ్చు అంది. ఎవరూ నమ్మలేదు. లేచి నిలబడి, పటకా నడుముకి బిగించుకుని, మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. ఎక్కడా తడబడలేదు. నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. ఒకే ఇంట్లో పొయ్యి దగ్గర పక్కపక్కన కూర్చునే మనిషి, నాకు తెలియకుండా ఎప్పుడు ఇంత పెద్దదైంది?

డైరెక్టరు గారికి ఒక్కటే బాధ. ఆయన గోదావరి జిల్లా మనిషి, ఉచ్చారణ విషయంలో పట్టుదల ఎక్కువ. ఆ రోజుల్లో నాటకాల్లో మన ఉత్తరాంధ్ర మాట వినిపించిందంటే అది నౌకరుదో, జనాన్ని నవ్వించే పాత్రదో అయి ఉండేది. నాయిక నోట ఆ మాట రావడానికి వీల్లేదు. నాను కాదమ్మా నేను, ఏటి కాదమ్మా ఏమిటి అని ఆయన ఓర్పుగానే దిద్దేవారు. అక్క ఇంట్లో జాకెట్టు కుడుతూ, మిషను ఆపి, నేను, నేను అని తనలో తాను అనుకునేది. ఒకరోజు నావైపు తిరిగి చెప్పింది.

"చెల్లీ, నాను నేను అంతంటే, లోపల ఎవులో పరాయిమనిసి మాటాడతన్నట్టుంటాది."

అయినా నేర్చుకుంది. పరిషత్తు రోజు సాయంత్రం రంగస్థలం మీద ఆవిడ పలికిన ప్రతి మాటా అచ్చులో ఉన్నట్టు ఉంది. నేను పక్కతెర దగ్గర నిలబడి చూస్తున్నాను. ఆఖరి ఘట్టం వచ్చింది. వ్యాపారి వేషం వేసినాయన వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. అక్క తొడుగు మూత తీసి, పిస్తోలు దూసి, చెయ్యి చాచి గురిపెట్టి, ట్రిగ్గర్ నొక్కింది.

పేలుడు శబ్దం లేదు. తెరవెనక టపాకాయ పేల్చాల్సిన మనిషి వత్తి ముట్టించాడు, అది సుయ్యిమని ఆరిపోయింది. రెండోది ముట్టించాడు, అదీ అంతే. వన్ టౌన్ చెమ్మంతా ఆ టపాకాయలకే పట్టినట్టుంది. వ్యాపారికి పడిపోవాలో నిలబడాలో తెలియడం లేదు. హాల్లో వెనక వరుసల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కరు గట్టిగా నవ్వితే చాలు, నాటకం అక్కడితో మంటగలిసిపోతుంది. డైరెక్టరు గారు నా పక్కనే గుడ్డలా పాలిపోయి ఉన్నారు.

అక్క చెయ్యి కదల్లేదు. అలా గురిపెట్టి వాణ్ణి చూస్తూనే ఉంది. తరవాత మెల్లగా చెయ్యి దించింది. కళ్ళు వాడి మీద నుంచి తిప్పకుండా, కిందికి చూడకుండా, పిస్తోలుని తొడుగులోకి జార్చింది. అది ఎక్కడా తట్టుకోకుండా, నీళ్ళలోకి దిగినట్టు దిగింది. మూత మడిచి ఇత్తడి గుండీ పెట్టింది. ఆ గుండీ పడిన చిన్న చప్పుడు హాలు చివరిదాకా వినిపించింది. అప్పుడు మాట్లాడింది. అది స్క్రిప్టులో మాట కాదు, నేర్చుకున్న భాషా కాదు.

"నానెందుకు సంపాలి నిన్ను? ఒక్క గుండుకి తప్పించుకుపోదావనా? బతుకు. బతికి, ఈ ఊరి తల్లులందరి మొకాలూ రోజూ సూడు."

అని, వాడి వైపు వీపు తిప్పి, నెమ్మదిగా నడిచి తెర లోపలికి వచ్చేసింది. ఆ తరవాత లేచింది చూడండి జనం. కుర్చీలు జరిగిన శబ్దానికి ముందు నేను భయపడ్డాను, అందరూ వెళ్ళిపోతున్నారేమో అని. వాళ్ళు లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

బహుమతి రాలేదు. న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన, నాయిక కీలక సమయంలో పనిమనిషి భాషలోకి జారిపోయిందని వేదిక మీదే చెప్పారు. మావాళ్ళు మొహాలు వేలాడేసుకున్నారు. నాకైతే కళ్ళనీళ్ళు ఆగలేదు. అక్క మాత్రం మేకప్ గదిలో కింద కూర్చుని, పిడికి అంటిన రంగుని తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఆరబెడుతూ ఉంది. నన్ను ఓదార్చాలనో ఏమో, తల ఎత్తకుండానే అంది.

"పనిమనిసి బాసంటే పని సేసేవోల్ల బాసే గదేటి. తప్పేటున్నాది?"

గుమ్మం దగ్గర నిలబడ్డ డైరెక్టరు గారు ఆ మాట విన్నారు. తిరిగొచ్చాక కొన్నాళ్ళకి మా ఇంటికి వచ్చి, అరుగు మీద కూర్చుని, ఆ వేషం మొత్తాన్ని నీ మాటలోనే తిరగరాస్తానమ్మా, పక్కన కూర్చుని చెప్తావా అని అడిగారు. అంత పట్టుదల గల మనిషి అలా అడగడం చిన్న విషయం కాదు. అక్క మిషను కుడుతూ చెప్పేది, ఆయన రాసుకునేవారు. ఒక్కోచోట ఆయన ఈ మాటకి అర్థమేమిటమ్మా అని అడిగితే, ఆవిడ మిషను ఆపి విడమరిచి చెప్పేది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మర్యాద.

ఆ తరవాత ఆ నాటకం చాలా ఊళ్ళు తిరిగింది. ఏ ఊరెళ్ళినా ముగింపు పరిషత్తులో పడిన ముగింపే. టపాకాయలు పట్టుకెళ్ళడమే మానేశారు. ప్రయాణమంతా పిస్తోలు మల్లుగుడ్డలో చుట్టి ఒక సంచిలో, తొడుగు వేరే సంచిలో. రంగస్థలం ఎక్కే ముందు మాత్రమే రెండూ కలిసేవి.

ఎనభైల మొదట్లో మా ఆయనకి ఉక్కు ఫ్యాక్టరీ నిర్మాణంలో పని దొరికి, మేము వన్ టౌన్ వదిలి అటువైపు వెళ్ళాం. ఇంకా గోడలు పచ్చిగా ఉన్న క్వార్టర్లు, చుట్టూ క్రేన్లు, మట్టిదిబ్బలు. అక్కడ పనిచేసేవాళ్ళలో సగం మంది చుట్టుపక్కల పల్లెల వాళ్ళే, మొన్నటిదాకా అదే నేలలో దుక్కి దున్నినవాళ్ళు. వాళ్ళంతా కలిసి ఒక సాయంత్రం మైదానంలో ఆ నాటకం వేయించారు. అత్తగారు అప్పటికి మా దగ్గర ఉంటున్నారు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా కోడలి నాటకం చూడనివారు, ఇంటి ఎదురుగానే కదా అని నా చెయ్యి పట్టుకుని వచ్చి చాపమీద కూర్చున్నారు.

అక్క రంగస్థలం మీదికి వచ్చి మొదటి మాట అనగానే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. రంగస్థలం మీద నాయిక తమలాగే మాట్లాడుతోంది, ఎవరూ నవ్వడం లేదు. ఆఖరి మాటలు వచ్చాయి. అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుని, పక్కన కూర్చున్న ముక్కూ మొహం తెలియని ఆవిడ మోచేతిని తట్టారు.

"అది మా పెద్దకోడలు" అన్నారు. ఆవిడ సరిగా వినలేదేమోనని మళ్ళీ గట్టిగా చెప్పారు.

బావగారు పోయాక అక్క నాటకాలు తగ్గించింది కానీ, వారం వారం తుడవడం మానలేదు. పాతవస్తువులు పోగుచేసుకునే ఒకాయన ఎవరో చెబితే మద్దిలపాలెం నుంచి వచ్చి, ఇన్నేళ్ళ సముద్రపు గాలికి ఇంత కొత్తగా ఎలా ఉందమ్మా అని ఆశ్చర్యపోయి, ఇచ్చేయమని అడిగాడు. అక్క ఆయనకి టీ ఇచ్చి, తొడుగుకి ఆముదం ఎలా రాయాలో అంతా చూపించి పంపింది. వస్తువు మాత్రం ఇవ్వలేదు. ఇప్పుడు అది కూతురి దగ్గర ఉంది. పదకొండో రోజు పనులయ్యాక ఆ పిల్ల నాతో, తుప్పు కనపడ్డాక తుడిస్తే అది తుడవడం కాదు బతిమాలడం అని అమ్మ అనేది పిన్నీ, అందుకే నిన్ననే తుడిచాను అంది. అంత దుఃఖంలోనూ మరిచిపోలేదు.

అక్క ఎప్పుడు తలపుకొచ్చినా నాకు ముందు కనిపించేది, మైదానంలో నాటకం అయిన మర్నాటి ఉదయం. ఆ పూట యారాడ నుంచి ఒకామె గంపతో చేపలు తెచ్చింది. అందరికంటే ముందు లేచిన అక్క, మా పెరటి కుళాయి దగ్గర కత్తిపీట ముందు కూర్చుని వంజరాలు తోముతోంది. ముందురోజు దిద్దుకున్న కనుబొమలు ఇంకా నల్లగా, గీసినట్టే ఉన్నాయి. చెవుల వెనక గులాబీరంగు చార. చేతుల నిండా పొలుసులు. వెనకాల ఫ్యాక్టరీ క్రేన్ల మీద అప్పుడే ఎండ పడుతోంది. ఏనాడూ కోడళ్ళ చేతికి మంచినీళ్ళైనా అందించని మా అత్తగారు వంటింట్లోంచి గ్లాసుతో టీ పట్టుకుని వచ్చారు. అక్క రెండు చేతులూ చేపలతో నిండి ఉన్నాయి. అత్తగారు ఒక్క క్షణం ఆగి, మోకాలి మీద చెయ్యి ఆనించి నెమ్మదిగా తడినేల మీద కూర్చుని, గ్లాసు ఊది, కోడలి పెదవులకి అందించారు.